పిండికట్టు వేసిన ఎలుక కాలు: పార్కిన్సన్స్‌లో వ్యాయామం గురించి జంతు ప్రయోగాలు చెప్పేదేమిటి?

(పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల కోసం, వాళ్ల కుటుంబాల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పోకుండా తేలికగా సరిదిద్దాం.)

అందరికీ నమస్కారం.

నేను మందులు రాసే డాక్టర్ని కాను. మెదడు ఎలా పనిచేస్తుందో పాఠాలు చెప్పేవాణ్ని. అందుకే మీ మాత్రల గురించి కాకుండా, ఎలుకల గురించి మాట్లాడటానికి వచ్చాను. పార్కిన్సన్స్ జబ్బు తెప్పించిన ఎలుకల్ని పరిగెత్తిస్తే ఏమైంది, పరిగెత్తకుండా ఆపేస్తే ఏమైంది అన్నది ఈ రోజు విషయం.

ఈ హాల్లో జబ్బు ఉన్నవాళ్ల పక్కన భార్యో, కొడుకో, కోడలో కూర్చుని ఉన్నారు. నా మాటలు ముఖ్యంగా మీ కోసమే. మన ఇళ్లలో ఈ జబ్బు అని తేలగానే ఏం మొదలవుతుందో మీకు తెలుసు. "నాన్నా, మీరు కూర్చోండి, నీళ్లు నేను తెస్తాను." "అత్తయ్యా, కూరగాయలు మీరు తరగొద్దు, చెయ్యి తెగుతుంది." చొక్కా గుండీలు మనమే పెడతాం. అన్నం మనమే కలిపి పళ్లెం చేతికిస్తాం. కూరగాయల సంచీ ఆయన చేతిలోంచి లాక్కుంటాం. ఇదంతా ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమలో ఒక ప్రమాదం ఉంది. అది ఎంత పెద్దదో ఎలుకల ప్రయోగాలు చూస్తే అర్థమవుతుంది.

ముందు జబ్బు గురించి నాలుగు ముక్కలు. మెదడు అడుగు భాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అని నల్లగా కనిపించే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి నాడీకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి, తమ పొడవాటి పోగుల ద్వారా స్ట్రయాటమ్ అనే మరో భాగంలో వదులుతాయి. మనం లేచి నిలబడాలన్నా, అడుగు వెయ్యాలన్నా, గుండీ పెట్టుకోవాలన్నా ఆ డోపమైన్ కావాలి. పార్కిన్సన్స్‌లో ఈ కణాలు ఒక్కొక్కటిగా చనిపోతాయి. చెయ్యి వణుకుతోందని, నడక మెల్లబడిందని డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికే వాటిలో దాదాపు సగం పోయి ఉంటాయి. స్ట్రయాటమ్‌లో డోపమైన్ అయితే అంతకంటే ఎక్కువే తగ్గిపోయి ఉంటుంది.

డోపమైన్‌కీ కదలికకీ సంబంధం ఉందని తెలిసింది కూడా జంతువుల వల్లే. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధ వేరు నుంచి తీసిన మందు, ఆ రోజుల్లో బీపీకి వాడేవారు. కుందేళ్లు కదలడం మానేసి, చెవులు వేలాడేసి పడి ఉన్నాయి. ఎల్-డోపా ఎక్కిస్తే కాసేపటికి లేచి తిరిగాయి. మీలో చాలామంది వేసుకునే సిండోపా మాత్రలోని లెవోడోపా అదే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

మాత్ర కదలికను తిరిగి ఇస్తుంది. కణాలు చనిపోవడాన్ని మాత్రం ఆపదు. ఈ రోజుకీ ఆపే మందు లేదు. అందుకే శాస్త్రవేత్తలు వ్యాయామం వైపు అంత ఆశగా చూస్తున్నారు.

ఎలుకకు పార్కిన్సన్స్ దానంతట అది రాదు. మనం తెప్పించాలి. దానికి రెండు పాత పద్ధతులున్నాయి. ఒకటి 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషం. 1968లో స్వీడన్‌లోనే ఉర్బన్ ఉంగర్‌స్టెట్ దీన్ని ఎలుక మెదడులోకి ఎక్కించి చూపించాడు. చూడటానికి డోపమైన్‌లాగే ఉంటుంది కాబట్టి డోపమైన్ కణాలు దాన్ని లోపలికి పీల్చుకుని చచ్చిపోతాయి. మెదడులో ఒక పక్కనే ఎక్కిస్తే శరీరంలో ఎదుటి పక్క మాత్రమే దెబ్బతింటుంది. బాగున్న పక్కతో పోల్చి చూసుకోవచ్చు.

రెండోదాని వెనక ఒక విషాదం ఉంది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకుని, కొద్దిరోజుల్లోనే బిగుసుకుపోయారు. ముసలితనంలో వచ్చే పార్కిన్సన్స్ ఆ వయసులో, అంత వేగంగా వచ్చింది. విలియం లాంగ్‌స్టన్ అనే న్యూరాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు ఆ మందులో కలిసిపోయిన ఎంపీటీపీ అనే కల్తీ పదార్థమే కారణమని తేల్చి 1983లో ప్రకటించారు. ఆ తర్వాత కోతుల్లో, చిట్టెలుకల్లో జబ్బు తెప్పించడానికి దాన్నే వాడుతున్నారు. పెద్ద ఎలుకల మీద అది అంతగా పనిచెయ్యదు. అందుకే ఈ రంగంలో పెద్ద ఎలుకల ప్రయోగాలు ఒక విషంతో, చిట్టెలుకల ప్రయోగాలు మరో విషంతో నడుస్తుంటాయి. పేపర్లో "ఎలుకల్లో తేలింది" అని వార్త చూస్తే, ఏ ఎలుక, ఏ విషం అని అడగడం మంచి అలవాటు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న ప్రయోగం.

2001లో టెక్సాస్, పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు కలిసి ఒక పని చేశారు. ముఖ్యమైన పేర్లు టిలర్సన్, షాలర్ట్, జిగ్మండ్. ఎలుక మెదడులో ఒక పక్క విషం ఎక్కించారు. మామూలుగా అయితే ఆ ఎలుక దెబ్బతిన్న ముందు కాలిని వాడటం మానేసి, అన్ని పనులూ బాగున్న కాలితో కానిచ్చుకుంటుంది. మనం ఎడమ చెయ్యి పట్టేస్తే అన్నీ కుడి చేత్తో చేసుకోవడం లాంటిదే. వీళ్లు ఏం చేశారంటే, విషం ఎక్కించిన వెంటనే ఆ బాగున్న కాలికి పిండికట్టు వేశారు. ఏడు రోజులు. ఇక ఎలుక లేవాలన్నా, గోడ పట్టుకు నిలబడాలన్నా, తిండి అందుకోవాలన్నా దెబ్బతినబోతున్న కాలినే వాడాలి. వేరే దారి లేదు.

ఏడు రోజుల తర్వాత కట్టు విప్పారు. కట్టు వెయ్యని ఎలుకలు ఆ కాలిని దాదాపు వదిలేశాయి. కట్టు వేసినవి మాత్రం రెండు కాళ్లూ సమానంగా వాడుతున్నాయి. సరే, అలవాటు పడ్డాయేమో అనుకోవచ్చు. అందుకని మెదడు తీసి డోపమైన్ కొలిచారు. కట్టు వేసిన ఎలుకల స్ట్రయాటమ్‌లో డోపమైన్ చాలావరకు మిగిలే ఉంది. విషం అదే, మోతాదు అదే. తేడా అంతా కాలిని వాడటంలోనే.

కట్టు వెయ్యడం ఆలస్యం చేసి కూడా చూశారు. మూడు రోజులు ఆగి వేస్తే మేలు కొంతే. ఏడు రోజులు ఆగి వేస్తే మేలు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మరుసటి సంవత్సరం, 2002లో, అదే బృందం ప్రయోగాన్ని తలకిందులు చేసింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. ఈసారి విషం కొద్దిగానే ఇచ్చారు. మామూలుగా అయితే ఆ కాస్త దెబ్బకి ఎలుక నడకలో పెద్ద తేడా కనిపించదు. ఈసారి పిండికట్టు బాగున్న కాలికి కాదు, దెబ్బతిన్న కాలికే వేశారు. అంటే ఆ కాలికి పూర్తి విశ్రాంతి. కట్టు విప్పేసరికి ఆ కాలు బాగా పాడైంది. డోపమైన్ కూడా, కట్టు లేకుండా వదిలేసిన ఎలుకల్లో కంటే ఎక్కువగా పోయింది. స్వల్పంగా ఆగిపోవాల్సిన దెబ్బ, విశ్రాంతి ఇచ్చినందుకు పెద్దదైంది.

ఈ ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు మన ఇళ్లే కళ్ల ముందు మెదులుతాయి. మనం ఎవరి కాలికీ పిండికట్టు వెయ్యం. కానీ రోజంతా కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి ఏ పనీ తగలనివ్వకుండా చూసుకుంటే మనం చేస్తున్నది ఆ రెండో కట్టుకు దగ్గరగానే ఉంది. మనిషిలో ఇది అచ్చంగా అలాగే జరుగుతుందని నేను అనడం లేదు. ఎలుక ఎలుకే, మనిషి మనిషే. అయినా కదలకపోవడం వల్ల జబ్బు ఉన్నచోటే ఉంటుందన్న మన ధీమాకు ఆధారం లేదని మాత్రం ఆ ఎలుకలు గట్టిగా చెప్పాయి.

2003లో పిట్స్‌బర్గ్ బృందమే ఇంకో మెట్టు పైకి వెళ్లింది. విషం ఇవ్వడానికి ముందే ఏడు రోజులు కట్టు వేసి, ఒక కాలిని ఎక్కువగా వాడించారు. తర్వాత కట్టు తీసేసి విషం ఎక్కించారు. అప్పుడూ రక్షణ కనిపించింది. ఎందుకని స్ట్రయాటమ్‌లో వెతికితే జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పెరిగి కనిపించింది. డోపమైన్ కణాలను బతికించి, వాటి పోగుల్ని పెంచే పోషక ప్రోటీన్ అది. కాలి కండరం కదులుతుంటే తలలో కణాలకు పోషణ పెరుగుతోంది. నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

తర్వాత పరుగు ప్రయోగాలు వరసకట్టాయి. ఎలుకల్ని పరిగెత్తించే తీరులు రెండు. బోనులో చక్రం పెడితే అవే ఎక్కి, ఇష్టమైనంతసేపు పరిగెత్తుతాయి. చిట్టెలుకలకు అదంటే ఎంత ఇష్టమో చూస్తే తెలుస్తుంది, రాత్రంతా తిప్పుతూనే ఉంటాయి. రెండోది ట్రెడ్‌మిల్. అక్కడ వేగం మన చేతిలో ఉంటుంది, ఎలుక చేతిలో కాదు.

అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రి పరిశోధకులు గెరెకీ, స్మేన్ 2010లో ప్రచురించిన చక్రం ప్రయోగం మోతాదు గురించి బాగా చెబుతుంది. ఎంపీటీపీ ఇచ్చే ముందు కొన్ని చిట్టెలుకలకు ఒక నెల, కొన్నింటికి రెండు నెలలు, కొన్నింటికి మూడు నెలలు చక్రం ఇచ్చారు. ఒక నెల పరిగెత్తినవాటికి రక్షణ రాలేదు. మూడు నెలలు పరిగెత్తినవాటిలో కణాలు విషాన్ని తట్టుకుని నిలిచాయి. మూడు నెలలపాటే ఇచ్చినా, రోజూ పరిగెత్తే దూరాన్ని తగ్గిస్తే రక్షణా తగ్గింది. వ్యాయామం అంటే "చేశారా, లేదా" అని అడిగి వదిలేసే విషయం కాదు. ఎంత, ఎన్నాళ్లు అని లెక్క చూడాల్సిన విషయం.

అదే బృందం 2012లో ఇంకో తెలివైన పని చేసింది. బీడీఎన్ఎఫ్ అనే మరో పోషక ప్రోటీన్ ఉంది. దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి లేకుండా పుట్టిన చిట్టెలుకల్ని తీసుకున్నారు. వాటికీ చక్రం ఇచ్చారు, అవీ పరిగెత్తాయి. కానీ ఎంపీటీపీ ఇచ్చాక వాటికి రక్షణ దొరకలేదు. పరుగు ఒక్కటే చాలదు, పరుగు మెదడులో పుట్టించే ఆ ప్రోటీన్ సరిపడా ఉండాలి. వ్యాయామం వల్ల ఏదో మంచి జరుగుతుందిలే అనుకోవడం వేరు, ఏ మెట్టు తీసేస్తే ఆ మేలు ఆగిపోతుందో చూపించడం వేరు. రెండోదే శాస్త్రం.

ఇక్కడ ఒక చేదు నిజం. ఇప్పటిదాకా చెప్పిన రక్షణ ప్రయోగాల్లో వ్యాయామం విషానికి ముందో, విషం ఎక్కిన తొలి రోజుల్లోనో జరిగింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. కణాలు చనిపోవడం ముగిశాక మొదలుపెడితే పోయినవి తిరిగి వచ్చాయా? చాలా ప్రయోగాల్లో రాలేదు. మరి ఇప్పటికే జబ్బు వచ్చిన మీరు ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. ఎందుకో చెప్పే ప్రయోగం లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చింది.

జిసెల్ పెట్జింగర్, మైకేల్ జేకోవెక్, బెత్ ఫిషర్, వాళ్లతో పనిచేసినవాళ్లు చిట్టెలుకలకు ముందు ఎంపీటీపీ ఇచ్చారు. కణాలు పోవాల్సినవి పోయాక, ఐదో రోజు నుంచి ట్రెడ్‌మిల్ మొదలుపెట్టి కొన్ని వారాలు పరిగెత్తించారు. మొదట్లో తడబడిన చిట్టెలుకలు చివరికి ఆరోగ్యంగా ఉన్నవాటికి దగ్గరగా పరుగు అందుకున్నాయి. కణాలు పెరిగాయా అని చూస్తే పెరగలేదు. స్ట్రయాటమ్‌లో మొత్తం డోపమైన్ పెరిగిందా అంటే అదీ లేదు. మరి పరుగు ఎలా వచ్చింది? 2007లో వాళ్లు ప్రచురించిన జవాబు ఇది. మిగిలిన పోగులు ఒక్కో సంకేతానికి వదిలే డోపమైన్ ఎక్కువైంది. వదిలిన డోపమైన్‌ని వెంటనే వెనక్కి పీల్చేసే ప్రోటీన్ తగ్గింది. కాలువలో నీళ్లు తగ్గిన ఏడాది, గండ్లు పూడ్చుకుని ఉన్న నీటినే చివరి మడిదాకా పారించుకునే రైతు చేసే పనే అది. అందుకునే వైపు కూడా మార్పు వచ్చింది. డోపమైన్‌ని పట్టుకునే డి2 రిసెప్టర్లు పెరిగాయి. 2010లో ఇదే బృందం బతికున్న చిట్టెలుకల మెదడును స్కాన్ చేసి ఆ పెరుగుదలను చూపించింది.

అంటే వ్యాయామం చేసే మేలు రెండు రకాలు. ఒకటి కణాల్ని చావకుండా కాపాడటం. రెండోది, మిగిలిన కణాలతోనే బండి బాగా నడిచేలా మెదడును సర్దడం. ఈ రెండింటినీ కలగలిపి "వ్యాయామంతో పార్కిన్సన్స్ నయం" అని రాసే వార్తలు చూస్తే నాకు బాధేస్తుంది. మొదటి మేలు ఎలుకల్లో కొన్ని పరిస్థితుల్లో కనిపించింది, కొన్నిట్లో కనిపించలేదు. 2007లోనే వచ్చిన ఇంకో అధ్యయనంలో చక్రం ఎక్కిన ఎలుకల కదలిక మెరుగైంది కానీ కణాలు ఎక్కువ మిగల్లేదు. అంతకు రెండేళ్ల ముందు కెనడా పరిశోధకుల ట్రెడ్‌మిల్ ప్రయోగంలో దానికి పూర్తి విరుద్ధంగా జరిగింది. డోపమైన్ కొంత మిగిలింది, నడక మెరుగుపడలేదు. విషం మోతాదు, వ్యాయామం మొదలైన రోజు, వేగం, ఎన్ని వారాలు, ఏవి మారినా ఫలితం మారుతోంది. రెండో మేలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా ఎన్నో ల్యాబుల్లో వస్తూనే ఉంది. జబ్బు వచ్చాక మొదలుపెట్టినా దక్కే మేలు అది.

విషం ప్రయోగాల మీద ఇంకో అనుమానం కూడా ఉంది, అది న్యాయమైనదే. వెనక్కి పీల్చే ప్రోటీన్ తలుపులోంచే ఈ రెండు విషాలూ కణంలోకి దూరతాయి. వ్యాయామం ఆ తలుపునే తగ్గిస్తే, ముందే పరిగెత్తిన ఎలుకలో విషం లోపలికి తక్కువగా వెళ్లి ఉండవచ్చు. అది నిజమైన రక్షణ కాదు. అందుకని ఈ మధ్య పరిశోధకులు విషాలు పక్కనబెట్టి, మనిషి జబ్బుకి దగ్గరగా ఉండే దారి పట్టారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మెదడు కణాల్లో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముద్దలు కడుతుంది. ఆ ముద్దల్నే జంతువుల్లో పుట్టించి చూస్తున్నారు.

2017లో కొలరాడో యూనివర్సిటీలో కర్ట్ ఫ్రీడ్ బృందం ఈ ప్రోటీన్ ఎక్కువగా తయారయ్యే చిట్టెలుకలకు మూడు నెలలు చక్రం ఇచ్చింది. పోలిక కోసం పెట్టిన చిట్టెలుకల బోనులోనూ చక్రం ఉంది, కానీ తిరగకుండా బిగించేశారు. పరిగెత్తినవాటి మెదడులో ముద్దలు తగ్గాయి. కదలికా, జ్ఞాపకశక్తీ మెరుగయ్యాయి. 2023లో రోమ్ నుంచి పావ్లో కలబ్రేసి బృందం, ఆల్ఫా-సిన్యూక్లిన్ ముద్దల్ని మెదడులోకి ఎక్కించిన ఎలుకల్ని ట్రెడ్‌మిల్ మీద గట్టిగా పరిగెత్తించింది. స్ట్రయాటమ్‌లో నాడీకణాల మధ్య నేర్చుకునే సత్తా, అంటే బంధాల బలాన్ని మార్చుకునే గుణం, తిరిగి వచ్చింది. ఆ పని వెనక ఉన్నదీ మనం ఇందాక చూసిన బీడీఎన్ఎఫ్ ప్రోటీనే.

2022లో జాన్స్ హాప్కిన్స్ నుంచి వచ్చిన పని మరీ ఆసక్తికరం. వ్యాయామం చేసేటప్పుడు కండరం ఐరిసిన్ అనే హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంది. ఆల్ఫా-సిన్యూక్లిన్ ముద్దలు ఎక్కించిన చిట్టెలుకల్లో, పరుగు ఏమీ లేకుండానే, ఐరిసిన్ ఒక్కదాన్నే రక్తంలో పెంచారు. ఆ ముద్దల్ని కణాలు త్వరగా కరిగించేశాయి, డోపమైన్ కణాలు నిలిచాయి. రేపు ఇది మందు అవుతుందో లేదో తెలియాలంటే మనుషుల్లో పరీక్షలు జరగాలి. ప్రస్తుతానికి ఐరిసిన్ కావాలంటే కండరాన్ని కదిలించడమే దారి.

కేప్‌టౌన్ నుంచి వచ్చిన ఒక పని దగ్గర కాస్త ఆగుతాను. అక్కడి పరిశోధకులు చక్రంలో పరిగెత్తిన ఎలుకలకు రక్షణ దొరుకుతుందని 2004లో చూపించారు. 2005లో అదే పరుగుకు టెన్షన్ కలిపారు. రోజూ ఏదో ఒక విధంగా ఎలుకను ఇబ్బంది పెడుతూనే చక్రం ఇచ్చారు. పరుగు వల్ల రావలసిన మేలు తగ్గిపోయింది. దీన్ని కుటుంబాలు గుర్తుంచుకోవాలి. "లేవండి, నడవండి, ఎన్నిసార్లు చెప్పాలి మీకు" అని విసుక్కుంటూ నడిపించే నడక, పక్కన కలిసి నడిచే నడక, బయటికి ఒకేలా కనిపించినా లోపల ఒకటి కాకపోవచ్చు. కొన్ని ల్యాబుల్లో ట్రెడ్‌మిల్ వెనక కొసన చిన్న షాక్ ఇచ్చే కడ్డీలు పెడతారు, ఎలుక ఆగకుండా ఉండటానికి. ఆ ఫలితాలు చదివేటప్పుడు పరుగెంత, భయమెంత అని విడదీసి చూడాలి.

అతి ఆశ వద్దని ఇంకోసారి చెప్పనివ్వండి. ఇందాక జీడీఎన్ఎఫ్ గురించి అబ్బురపడ్డాను కదా. ఎలుకల్లో, కోతుల్లో అది అంత బాగా పనిచేసింది కాబట్టి మనుషుల మెదడులోకి గొట్టం పెట్టి నేరుగా పంపించారు. 2006లో, మళ్లీ 2019లో వచ్చిన రెండు పరీక్షల్లోనూ, మందు లేని ద్రవం ఎక్కించినవాళ్లకీ, జీడీఎన్ఎఫ్ ఎక్కించినవాళ్లకీ మధ్య, పరీక్ష ముందే పెట్టుకున్న కొలమానంలో నమ్మదగిన తేడా రాలేదు. ఎలుకకు కొద్దిరోజుల్లో తెప్పించే జబ్బు, మనిషిలో పదేళ్లో ఇరవయ్యేళ్లో పట్టి ముదురుతుంది. ప్రయోగాల్లో వాడే ఎలుకలు చాలావరకు వయసులో ఉన్నవి. మీలో చాలామంది అరవై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు. ఆ దూరం నిజం.

అందుకే మనుషుల్లో చేసిన పరీక్షలు ముఖ్యం. అమెరికాలో జే ఆల్బర్ట్స్ అనే శాస్త్రవేత్త 2003లో పార్కిన్సన్స్ ఉన్న ఒక స్నేహితురాలితో కలిసి ఇద్దరు తొక్కే సైకిల్ మీద అయోవా రాష్ట్రం దాటాడు. ఆయన ముందు కూర్చుని వేగంగా తొక్కుతుంటే, వెనక ఆమె కాళ్లు కూడా తను ఒంటరిగా తొక్కగలిగే దానికంటే వేగంగా తిరిగాయి. ఆ తర్వాత ఆమె చేతిరాత మెరుగవడం గమనించాడు. కాళ్లు తొక్కితే చేతిరాత బాగుపడటమేమిటి అన్న ప్రశ్న పట్టుకుని 10 మందితో చిన్న పరీక్ష చేశాడు. 2009లో వచ్చిన ఆ ఫలితంలో, ఇలా జోడీ సైకిల్ మీద ఎనిమిది వారాలు వేగంగా తొక్కినవాళ్ల లక్షణాల స్కోరు 35 శాతం మెరుగైంది. తమ ఇష్టమొచ్చిన వేగంతో తొక్కినవాళ్లకు మెరుగవలేదు. పదిమందే కాబట్టి దీన్ని పెద్ద రుజువుగా తీసుకోకూడదు. కానీ ట్రెడ్‌మిల్ ఎలుకల కథతో ఎంత బాగా కలుస్తుందో చూడండి.

పెద్ద పరీక్షలు రెండు చెబుతాను. 2018లో వచ్చిన స్పార్క్స్ పరీక్షలో ఇంకా పార్కిన్సన్స్ మాత్రలు మొదలుపెట్టని 128 మందిని తీసుకున్నారు. ఒక గుంపుకి ట్రెడ్‌మిల్ మీద గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 85 శాతానికి చేరేంత గట్టి వ్యాయామం. రెండో గుంపుకి 60 నుంచి 65 శాతం. మూడో గుంపుకి ఏమీ లేదు, మామూలు వైద్యమే. ఆరు నెలల తర్వాత ఏమీ చెయ్యనివాళ్ల లక్షణాల స్కోరు 3 పాయింట్లకు పైగా దిగజారింది. మధ్యస్థంగా చేసినవాళ్లది 2 పాయింట్లు. గట్టిగా చేసినవాళ్లది దాదాపు ఉన్నచోటే ఉంది. 2019లో నెదర్లాండ్స్‌లో బస్తియాన్ బ్లూమ్ బృందం 130 మందితో ఇంట్లోనే చేసే పరీక్ష పెట్టింది. ఇంట్లో పెట్టిన సైకిల్ మీద వారానికి మూడుసార్లు, 30 నుంచి 45 నిమిషాలు. ఆరు నెలల తర్వాత, సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లకంటే వీళ్లు 4 పాయింట్లకు పైగా మెరుగ్గా ఉన్నారు. అదీ మాత్ర ప్రభావం లేని సమయంలో కొలిచినప్పుడు. కణాలు మిగిలాయని ఈ పరీక్షలు నిరూపించలేదు. లక్షణాలు ముదరడం మెల్లబడిందని చూపించాయి. ఆ మాత్రం మేలు చేసే మాత్ర ఏదైనా ఉంటే మనం క్యూ కట్టి కొంటాం.

నా ప్రసంగం ఇంతే. ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్భై నాలుగేళ్లండీ. పడిపోతుందేమోనని భయం. అందుకే ఎక్కువగా కూర్చోబెడుతున్నాం. తప్పా?

జవాబు: మీ భయం తప్పు కాదమ్మా. పడితే తుంటి ఎముక విరగడం మామూలు విషయం కాదు. కానీ కూర్చోబెడితే కాళ్ల కండరాలు ఇంకా నీరసించి, పడే అవకాశం పెరుగుతుంది. ఆవిణ్ణి కదిలిస్తూనే పడకుండా చూసుకోవాలి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, కాలికి జారని చెప్పులు వెయ్యండి, తివాచీ అంచులు తీసేయండి. కూర్చుని తొక్కే సైకిల్ అయితే పడే భయం తక్కువ. బ్యాలెన్స్ కోసం 2012లో అమెరికాలోని ఓరెగాన్‌లో 195 మందితో తాయ్ చీ మీద, అంటే మెల్లగా కదులుతూ చేసే చైనా వ్యాయామం మీద, మంచి పరీక్ష జరిగింది. వారానికి రెండుసార్లు, ఆరు నెలలు. సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకంటే వీళ్లు తక్కువ సార్లు పడ్డారు. ఫిజియోథెరపిస్టు ఒకసారి ఇంటికొచ్చి ఆవిణ్ణి చూస్తే, ఆవిడకి ఏది సరిపోతుందో చెబుతారు. ఇంకోటి, గుండీలు ఆవిణ్ణే పెట్టుకోనివ్వండి. పది నిమిషాలు పట్టినా సరే.

ప్రశ్న: నేను రోజూ పొద్దున పార్కులో నలుగురితో మాట్లాడుకుంటూ నడుస్తాను. యోగా కూడా చేస్తాను. సరిపోతుందా?

జవాబు: రెండూ మానకండి. నలుగురితో కలిసి చెయ్యడం టెన్షన్ తగ్గిస్తుంది, కేప్‌టౌన్ ఎలుకల్ని గుర్తు తెచ్చుకోండి. కానీ హాయిగా కబుర్లు చెప్పుకోగలుగుతున్నారంటే వేగం తక్కువన్నమాట. మీ డాక్టర్ సరే అంటే, అందులో కొంతసేపు రెండు మూడు మాటలకే ఆయాసం వచ్చేంత వేగంగా నడవండి. వారంలో మూడు నాలుగు రోజులు అలా చేస్తే స్పార్క్స్ పరీక్షలో వాళ్లు చేసిన దానికి దగ్గరగా వస్తారు.

ప్రశ్న: వ్యాయామం బాగా చేస్తే మాత్రలు తగ్గించుకోవచ్చా?

జవాబు: మీ అంతట మీరు వద్దు. లెవోడోపాను హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. నిజానికి మాత్ర బాగా పనిచేస్తున్న వేళే వ్యాయామానికి మంచి వేళ. మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి ఒళ్లు తేలికపడుతుందో మీకు తెలుసు కదా, ఆ సమయానికి సైకిలో నడకో పెట్టుకోండి. కొత్తగా మొదలుపెట్టే ముందు న్యూరాలజిస్టుని అడిగి గుండె పరీక్ష అవసరమా, నిలబడితే బీపీ పడిపోతోందా చూపించుకోండి. ఈ జబ్బులో బీపీ అలా పడిపోవడం మామూలే. నిలబడగానే కళ్లు తిరుగుతుంటే ఆ రోజు నిలబడి చేసేవి మానేసి, కూర్చుని చేసేవి చెయ్యండి. ఆ సంగతి డాక్టర్‌కి కూడా చెప్పండి.